శవానికి జుట్టు సర్దిందెవరు?

సాయంత్రం నాలుగూ పది. పాత సిమెంటు గోడౌన్ వెనక శవం.

లారీల్లోకి సరుకెక్కించే అరుగు అది. ఎనిమిదడుగుల ఎత్తు. రెయిలింగు లేదు. కింద కాంక్రీటు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. నల్ల టీషర్టు, భుజాలు దాటిన జుట్టు, లావుపాటి కళ్ళజోడు. తల వెనక పగిలింది.

లోపల రాక్ కచేరీ. నాలుగో బ్యాండు వాయిస్తూనే ఉంది. గోడలు అదురుతున్నాయి.

"ఆ గోల ఆపించండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆపించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎవరు ఏం చెప్పినా ఎవరికీ వినపడలేదు.

పోయినవాడు లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మెటల్ అనే ఈ మోత సంగీతమంటే పిచ్చి. ఇరవై ఏళ్ళుగా ఒక్క షో వదల్లేదు. అక్కడి కుర్రకారంతా 'తాత' అనేవాళ్ళు.

నాలుగూ నలభైకి అనుమానితురాలు దొరికింది. మూడూ నలభై అయిదుకి వెనక తలుపు దగ్గర తాతతో ఒకామె గొడవ పడిందని వాచ్‌మన్ చెప్పాడు. టైరు పంక్చర్లు వేసే మనిషి. నల్లబట్టలు తప్ప వేసుకోదు. అందరూ 'కాకి' అంటారు.

పోలీసుల లెక్కలో పొడుగు జుట్టు మగాడు సగం దొంగ. పెదవికి రింగు పెట్టుకున్న ఆడది పూర్తిగా దొంగ. కాకిని జీపెక్కించడానికి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

మర్నాడు ఉదయం తొమ్మిది. పదకొండుకి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పెడితే రిమాండు ఖాయం.

"ఎందుకు తోశావ్?"

"తొయ్యలేదు సార్."

"గొడవ పడ్డావా లేదా?"

"పడ్డాను."

"దేనికి?"

"కళ్ళజోడుకి."

లేడీ హెడ్ కానిస్టేబుల్ లాగి చెంప మీద ఒకటిచ్చింది. వెటకారం అనుకుంది. కాకి పెదవి చిట్లింది. తుడుచుకుందామంటే చేతులకి బేడీలు.

"చెప్పనీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"స్టేజీ ముందు గుండ్రంగా తిరుగుతూ గుద్దుకుంటాం సార్. పిట్ అంటాం. చూసేవాళ్ళకి కొట్లాటలా ఉంటుంది. కానీ ఎవడైనా పడితే నలుగురు లేపుతారు. చెప్పు ఊడితే, దొరికినవాడు పైకెత్తి చూపిస్తాడు. కళ్ళజోడుతో మాత్రం ఎవరూ దిగరు. తాతది మైనస్ తొమ్మిది పవరు, తీస్తే ఏమీ ఆనదు. దిగేముందు తీసి నాకిచ్చేవాడు. పదేళ్ళుగా నేనే పట్టుకున్నా."

"మరి నిన్న?"

"నిన్న తాత బావమరిది వచ్చాడు. 'నేను పట్టుకుంటాలే బావా' అన్నాడు. తాత ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. పిట్ అయ్యాక తాత వెనక తలుపు దగ్గర గోడ తడుముకుంటున్నాడు. 'మావాడు కనబడ్డాడా? నాకేం కనబడట్లేదే' అన్నాడు. 'మీ చుట్టాన్నే వెతుక్కో పో' అన్నాను."

చిట్లిన పెదవిని భుజానికి తుడుచుకుంది.

"అనేసి లోపలికెళ్ళిపోయాను."

బావమరిది ఇస్త్రీ చొక్కాతో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళజోళ్ళ షాపులో పద్నాలుగేళ్ళుగా కౌంటర్లో పని.

"ఆ మోతకి తలనొప్పి పట్టుకుంది సార్. మూడుంబావుకే బస్సెక్కేశా."

"కళ్ళజోడు నీకిచ్చాడా?"

"నాకెందుకిస్తాడు? ఆయన ముక్కు మీదే ఉంది. నేనొచ్చేసేప్పుడు చూశాగా."

పక్కన అతని అక్క. పోయినవాడి భార్య. కాకి మీద ఇచ్చిన కంప్లైంటులో సంతకం ఆమెదే.

"మీ ఆయనకీ తమ్ముడికీ పడేదా అమ్మా?"

"వీడు పెళ్ళాన్ని కొట్టాడని సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్తానన్నాడు ఆయన. పిల్లాణ్ణి ఎవరికివ్వాలో తేల్చే కేసు. అయినా వీడు మనసులో ఏం పెట్టుకోలేదు సార్. మొన్న వాడే వచ్చి, 'బావతో కచేరీకెళ్తా' అన్నాడు. కలిసిపోయారని నేనెంత సంబరపడ్డానో." ఆమె కాకి వైపు వేలు చూపింది. "ఈ రాకాసి మింగేసింది."

పది గంటలు. ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఫోటోలు ముందేసుకుని మూడుసార్లు చూశాడు. తర్వాత సొరుగులోంచి పాత కళ్ళజోడొకటి తీశాడు. దాని నిండా దుమ్ము.

పదీ ఇరవై. అందరినీ గదిలోకి పిలిచాడు.

"ఈమె స్టేట్‌మెంటు చదువుకుని సంతకం పెట్టాలి. అక్షరాలు ఆనడం లేదట. చేతులకి బేడీలున్నాయి. నీ పనేగా ఇది? కాస్త పెట్టు."

బావమరిది కళ్ళజోడు అందుకున్నాడు. జేబురుమాలు తీశాడు. అద్దం మీద ఊదాడు. ఇటూ అటూ తుడిచాడు. రెండు వేళ్ళతో కాకి చెవుల మీది జుట్టు వెనక్కి తీశాడు. కాడలు జుట్టు కిందకి, చర్మానికి ఆనేలా దూర్చాడు. బొటనవేలితో ముక్కు మీద నొక్కాడు.

"సరిపోయిందామ్మా?" అన్నాడు. అలవాటుగా.

ఇన్‌స్పెక్టర్ ఫోటో బల్ల మీద పెట్టాడు.

"చూడు. ఎనిమిదడుగుల మీంచి పడ్డాడు. తల పగిలింది. అద్దం పగల్లేదు, ముక్కు మీంచి జారనైనా జారలేదు. గంటన్నర ఆ సిమెంటు దుమ్ములో గెంతిన మనిషి. మొహమంతా బూడిద రంగు, కళ్ళజోడు కింద కూడా. అద్దం మాత్రం తళతళా మెరుస్తోంది. దానిమీద ఒక్క వేలిముద్ర లేదు. ఆయనవి కూడా లేవు."

ఫోటోలో చెవి దగ్గర వేలు పెట్టాడు.

"ఇవన్నీ సరే. ఈ జుట్టు చూడు. మనం కళ్ళజోడు పెట్టుకుంటే జుట్టు మీంచే దూర్చుకుంటాం. ఇక్కడ రెండు చెవుల దగ్గరా జుట్టు తీసి, కాడలు కింద దూర్చి, మళ్ళీ సర్దారు. అద్దంలో చూసుకునేవాడు చేసే పని కాదు. కౌంటరు అవతల నిలబడేవాడు చేసే పని."

బావమరిది జేబురుమాలు మడత పెడుతున్నాడు. నాలుగు మడతలు. మళ్ళీ విప్పాడు.

"నా దగ్గర దొరికితే అనుమానం వస్తుందని కిందికి దిగి పెట్టాను."

అక్క అతని వైపు తిరిగింది.

"ఏంట్రా నువ్వనేది?"

"సోమవారం వెళ్ళొద్దని బతిమాలానక్కా. వినలేదు. పిల్లాణ్ణి నా పెళ్ళాం పట్టుకుపోతుంది. నా భుజం మీద చెయ్యేసి నడుస్తున్నాడు. అరుగు చివరిదాకా తీసుకెళ్ళి చెయ్యి తీసేశాను. అంతే. తొయ్యలేదు."

"ఇరవై నిమిషాలు బతికున్నాడని డాక్టరు రాశాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నువ్వు జుట్టు సర్దేటప్పటికి ఊపిరుందా?"



"ఉందిరా?" అంది అక్క.

"ఉంది."

"ఏమైనా అన్నాడా?"



"నేను పైనుంచి తొంగి చూస్తుంటే నా నీడ కనబడిందేమో. 'అక్కడే ఆగరా, అంచుంది. నువ్వూ పడతావ్' అన్నాడు."

పెన్ను చప్పుడు ఆగింది. రాస్తున్న కానిస్టేబుల్ తలెత్తాడు.

"రాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పదీ యాభైకి బేడీలు విప్పారు. లేడీ హెడ్ మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. కాకి తీసుకోలేదు.

గుమ్మం దగ్గర తాత భార్య నిలబడి ఉంది. చేతులు జోడించబోయింది. కాకి ఆమెను చూడకుండా దాటి వీధిలోకి వెళ్ళిపోయింది.