పండుగప్ప పొలుసులు

వేసవి వేట నిషేధం మొదలైన మర్నాడే, తెల్లారేసరికి ఐసు బాక్సు పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి చేపల కోసం వచ్చినవాడు విశాఖపట్నం మొత్తానికి ఒక్కడే. అతని పేరు వీరేంద్ర. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సెమిస్టర్, పైగా క్లాస్ ఫస్టు.

మరబోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. వేలం వేసే చోట రెండు పిల్లులు తప్ప ఎవరూ లేరు.

"ఏం సార్, వంజరమా? రొయ్యలా?"

ఉలిక్కిపడి చూశాడు. బోర్లించిన పడవ మీద కూర్చుని కాళ్ళూపుతోంది గౌరీశ్వరి. ల్యాబులో అతని పక్క బెంచీ.

"వంజరమే. పెద్ద చేప కదా, పొలుసులు బాగా వస్తాయి."

గౌరి పొట్ట పట్టుకుని నవ్వింది. "వంజరానికి పొలుసులా? అది నున్నగా ఉంటుంది మహానుభావా! పైగా రెండు నెలల దాకా బోట్లు కదలవు. నిన్న ల్యాబులో నువ్వు హార్బర్ నుంచి చేపలు తెచ్చేస్తానని కోతలు కోస్తుంటే నవ్వాపుకోలేక చచ్చాను."

"తెలిసీ చెప్పలేదా?"

"నువ్వు అడిగావా?"

వీరేంద్రకి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. చేప పొలుసుల్లోని కొల్లాజెన్‌తో పల్చటి పొర తయారుచేసి, దాని మీద మేక ఎముక మూలుగలోని మూలకణాల్ని పెంచడం అతని ప్రాజెక్టు. సోమవారంలోగా పొలుసులు తేకపోతే టాపిక్ మార్చి వేరే ల్యాబుకి పంపేస్తానని గైడు శ్రీరామ్మూర్తి గారు నాలుగు రోజుల కిందటే తేల్చి చెప్పారు. వేరే ల్యాబంటే వేరే బిల్డింగు. అక్కడ మైక్రోస్కోపులుంటాయి, ఇంక్యుబేటర్లుంటాయి, గౌరి మాత్రం ఉండదు. రెండేళ్ళుగా ఆ పిల్ల వేళాకోళం వినందే అతనికి రోజు గడవదు. ఆ ముక్క ఆమెతో ఇంతవరకూ చెప్పలేదు.

"పద," అంటూ దిగింది గౌరి. "తెప్పలకి నిషేధం లేదు. జాలారిపేట ఒడ్డుకి మా నాన్న వచ్చే వేళయింది."

"మీ నాన్నా?"

"ఎల్లాజీ. సముద్రంలో వేట. ఇదీ నువ్వు అడగలేదు."

ఒడ్డున తెప్పని ఇసుకలోకి లాగుతున్న మనిషిని చూడగానే గౌరి మాటే మారిపోయింది. "నాన్నా, ఏటైనా పడిందేటి?"

"పండుగప్పమ్మా! రూపాయి బిళ్ళంత పొలుసులు."

వీరేంద్ర చేతులు జోడించి "నమస్తే బా..." అని నాలిక్కరుచుకున్నాడు. బాబాయ్ అన్నాడంటే గౌరి చెల్లెలైపోతుంది. "నమస్తే అండీ," అని సరిపెట్టాడు. ఎల్లాజీ మీసాల చాటున నవ్వుకున్నాడు.

తోక వైపు నుంచి తల వైపుకి కత్తితో ఎలా గీకాలో గౌరి చూపించింది. వీరేంద్ర గీకితే సగం పొలుసులు అతని జుట్టులోకే ఎగిరాయి. మిగతావి బాక్సులో వేసుకుని, చేపని జాగ్రత్తగా ఎల్లాజీకి తిరిగిచ్చాడు.

"సేపొదిలేసి పొలుసులట్టుకెళ్ళేవోణ్ణి ఇప్పుడే సూత్తన్నాను," అన్నాడు ఎల్లాజీ. "నాలుగు రోజుల్నుంచి దీని కోసమే తిరుగుతన్నాను బాబూ. పొలుసులున్న సేప కావాల నాన్నా, నేకపోతే ఆ అబ్బాయిని వేరే బిల్డింగుకి తోలేత్తారని ఒకటే గోల. రాత్రి కూడు కూడా తిన్నేదు."

"నాన్నా!" అని అరిచి గౌరి గిరుక్కున సముద్రం వైపు తిరిగిపోయింది.

వీరేంద్ర నోట వచ్చింది సిటీలో దాచుకున్న తన ఊరు ఎలమంచిలి మాట. "గౌరీ, ప్రాజెక్టు పోతే పోనీ. నీ పక్క బెంచీ పోతాదనే నా భయం. నువ్వంటే నాకిష్టం."

"జుట్టు నిండా పొలుసులేసుకుని ఇప్పుడా సెప్పేది?" వెనక్కి తిరక్కుండానే అంది గౌరి. "రెండేళ్ళ నుంచి సూత్తన్నాను."

ఎల్లాజీ నవ్వు ఆగింది. "మీ వోళ్ళు రైతులా బాబూ? సముద్రం మీద బతికేవోళ్ళ పిల్లని ఒప్పుకుంటారా?"

"ఒప్పిస్తానండీ. ప్రాజెక్టు పాసవగానే ఇంటికి ఫోన్ చేసేస్తాను."

"అయితే ఆ కణాలేవో బాగా సూసుకో. నా పిల్ల అన్నం మానేసి తెప్పించింది మరి."

మూడు వారాలు గడిచాయి. పొర తయారైంది, దాని మీద కణాలు వేశారు. అవి పొరకి అతుక్కుంటేనే ప్రాజెక్టు పాసు. ఆ రోజు ముందు గౌరే మైక్రోస్కోపులోకి చూసింది. ఎంతసేపటికీ తల ఎత్తదు. వీరేంద్ర ఆగలేక అడిగేశాడు.

"చచ్చిపోయాయా?"

గౌరి తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. తన సెల్‌ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"అన్నీ అతుక్కున్నాయి. మీ ఇంటి నంబరు కొట్టు."