నాయనమ్మ తువ్వాలు

బాత్‌రూం తలుపు అవతల నవ్వులు. ఇవతల స్టూలు మీద కూర్చుని నాయనమ్మ బఠాణీలు ఒలుస్తోంది. చెవుల్ని తలుపుకి అప్పగించి చేతుల్ని వాటి దారిన వదిలేసింది కాబట్టి గింజలు తొక్కల గిన్నెలోనూ, తొక్కలు గింజల గిన్నెలోనూ పడుతున్నాయి.

"నురగా నురగా కూచోవే,
దురదను కాస్తా దోచెయ్యవే,
పాట అయ్యాక పోదువుగానీ
పరుగులు పెట్టక ఆగవే."

లోపల పాడుతున్నది అమ్మమ్మ, అంటే కోడలి తల్లి. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి దేనికైనా ఒక పాట కట్టేస్తుంది. మధ్యమధ్య వినిపించే కిచకిచలు నాలుగేళ్ళ మనవరాలివి. ఆ కిచకిచల వల్లే దానికి పిచుక అని పేరు పడింది, అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వాడరు.

"నాలుగేళ్ళు నేను పోశాను నీళ్ళు. ఒక్కనాడైనా కచేరీ పెట్టానా?" అని నాయనమ్మ బఠాణీలతో గొణిగింది. 

ఆవిడ బతుకంతా ఒక పెద్ద హోటల్ లాండ్రీలో గడిచింది. ఆవిడ చేతికి చిక్కిన మరక బతికి బట్టకట్టిన దాఖలా లేదు. ఉద్యోగం మానేసే రోజున హోటలువాళ్ళు ఇచ్చిన తెల్ల తువ్వాలు ఇప్పటికీ ఆవిడ భుజం మీదే ఉంటుంది. తడిచేతులకి అదే, మెడ మీద చెమటకి అదే, పిచుక మూతికీ అదే. ఆ తువ్వాలు చెంప కింద పెట్టుకోనిదే పిచుకకి నిద్రపట్టదు. కన్నతల్లి జోకొట్టినా, తండ్రి భుజాన వేసుకుని తిప్పినా లాభం లేదు, చివరికి తువ్వాలు రావాల్సిందే. నాయనమ్మకి ఇంట్లో ఉన్న పదవి అదొక్కటే.

ఆ పదవికి ఎసరు పెట్టింది ఒక మచ్చ. పోయిన నెల పిచుక మోచేతి దగ్గర చొక్కా గుండీ అంత ఎర్రటి మచ్చ లేచింది. గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. ఎప్పుడో హోటల్లో ఎవరో ఇచ్చిన దురద మందు ట్యూబు బీరువాలో ఉంటే నాయనమ్మ తీసి రాసింది. ఎరుపు తగ్గినట్టే తగ్గి, ఆ తర్వాత మచ్చ రెట్టింపై పక్కన పిల్లల్ని కూడా పెట్టింది. బడివాళ్ళు చూసి, నయమయ్యేదాకా పంపొద్దన్నారు.

చర్మం డాక్టరమ్మ తామర అని తేల్చి, ముందు ఆ ట్యూబుని చెత్తబుట్టలో వేయించింది. పూయడానికి వేరే క్రీము, ఒంటికి మందు సబ్బు రాసిచ్చింది. "నురగ పెట్టగానే కడిగేయకండి, కాసేపు ఉండనివ్వాలి. తర్వాత తడి లేకుండా తుడవాలి. పాప తువ్వాలు పాపకే వాడండి, మచ్చ కనపడట్లేదని మధ్యలో మానొద్దు," అని చెప్పి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

"మా ఇంట్లోనా?" నాయనమ్మ నవ్వేసింది. "అది మురికి మనుషులకి వచ్చే జబ్బు కదండీ. బడిలో ఎవరో అంటించుంటారు."

"శుభ్రంగా ఉన్నవాళ్ళకీ వస్తుందండీ. చెమటా, తడీ ఉంటే చాలు," అన్న డాక్టరమ్మ మాట ఆవిడ చెవికెక్కలేదు. ఇంటికొచ్చాక కోడలు అన్న మాట మాత్రం చెవికెక్కి అక్కడే కూర్చుంది.

"అత్తయ్యా, మా అమ్మని కొన్నాళ్ళు రమ్మన్నాను. పిచుక స్నానం, మందూ తను చూసుకుంటుంది. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతి అంటే ఏమిటో నాయనమ్మకి ఇప్పుడు తెలుస్తోంది. మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం.

తలుపు తెరుచుకుంది. కొత్త పసుపుపచ్చ తువ్వాలు చుట్టుకుని పిచుక బయటికొచ్చింది. వెనకాలే చీర తడుపుకుని అమ్మమ్మ.

"చూశారా వదినగారూ, మోచేతి మీద చందమామ చిక్కిపోయింది," అంది అమ్మమ్మ సంబరంగా. మచ్చలకి చందమామలని పేరు పెట్టింది కూడా ఆవిడే.

"చిక్కదూ మరి, తెల్లారి లేచి దానికి జోలపాడుతున్నారుగా," అంది నాయనమ్మ. "అయినా ఆ సబ్బేమిటో, ఆస్పత్రి వాసన. పిల్ల ఒళ్ళు పాలవాసన వేసేది."

అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. ఎదుటి మనిషి తిరిగి ఒక మాట అంటే నాయనమ్మకి కడుపు చల్లబడేది. నవ్వేసరికి ఇంకా కుతకుతలాడింది. ఆ చిరాకులో నడుము దగ్గర దురద కూడా రేగితే, గదిలోకి వెళ్ళి తలుపేసుకుని గోక్కుని పౌడరు చల్లుకుంది. చెమటకాయలు అనుకుంది. కొన్ని వారాలుగా అలాగే అనుకుంటోంది. ఎటూ చెమట పట్టే చోటేనని అద్దంలో చూసుకోనైనా లేదు.

మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుంటే పిచుక మెల్లగా వచ్చి నాయనమ్మ పక్కలో దూరింది.

"నాకు నీ తువ్వాలు కావాలి."

"మీ అమ్మమ్మ వద్దంది కదే. పసుపు తువ్వాలుందిగా నీకు."

"అది గరుకు. నీది కావాలి."

ఆ ఒక్క మాటకి నాయనమ్మ ప్రాణం లేచి వచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి, మడిచి పిల్ల చెంప కింద పెట్టింది. "మనిద్దరి మధ్యే ఉండాలి సుమా. లేచాక దిండు కింద దాచెయ్." పిచుక తల ఊపి, చెంప ఆనించి, నిమిషంలో నిద్రపోయింది. ఎన్ని పాటలు కడితే మాత్రం ఏం లాభం, నిద్ర నా దగ్గరే ఉంది అనుకుని నాయనమ్మ తృప్తిగా కాళ్ళు చాపుకుంది. అది మొదలు రోజూ మధ్యాహ్నం ఆ దొంగతనం జరుగుతూనే ఉంది.

మోచేతి మీది మచ్చలు మానిపోతూ వచ్చాయి. ఇక బడికి పంపొచ్చని కోడలు అనుకుంటున్న సమయంలో పిచుక కుడి చెంప మీద కొత్తది లేచింది. గుండ్రంగా, అంచు ఉబ్బి.

దాన్ని మొదట చూసింది నాయనమ్మే. చూడగానే ఆవిడకి కలిగింది భయం కాదు, సంతోషం. సబ్బు ఓడిపోయింది, పాట ఓడిపోయింది, టీచరమ్మ ఓడిపోయింది. ఆ సంతోషాన్ని ఆవిడ సాయంత్రం దాకా నోట్లో మిఠాయిలా చప్పరిస్తూ తిరిగింది.

భోజనాల దగ్గర కోడలు పిచుక మొహం దీపం కేసి తిప్పి చూసింది. కళ్ళద్దాల షాపులో రోజంతా నిలబడి వచ్చిన మనిషి, ఓపిక అప్పటికే అడుగంటింది.

"ఇదేంటమ్మా? చెంప మీదికి కూడా పాకిందేంటి?"

"అదే నాకూ అర్థం కావట్లేదే," అంది అమ్మమ్మ. "చెప్పినట్టే చేస్తున్నాను. క్రీము కూడా మానలేదు."

"ఆటలా చేస్తే రోగాలు పోతాయా?" నాయనమ్మ తనలో తను అనుకుంటున్నట్టే, అందరికీ వినపడేలా అంది. "పాట మీదున్న శ్రద్ధ రుద్దడం మీద ఉంటే బాగుండేది."

"అమ్మా, ఊరుకో," అన్నాడు కొడుకు.

"నేనేమన్నానురా? నా చేతుల్లో ఉన్నప్పుడు మోచేతికే ఉంది. ఇప్పుడు మొహానికెక్కింది. ఆడపిల్ల, మొహం మీద మచ్చ."

కోడలికి ఏడుపొచ్చింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియనప్పుడు చనువున్న వాళ్ళ మీదే చూపిస్తాం కదా. "నీ మీద నమ్మకంతో పిలిచాను కదమ్మా. ఇంత చిన్న పని నీకు చేతకాలేదా?" అనేసింది.

అమ్మమ్మ చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "సరేనమ్మా. పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతాను. ఇకమీద వదినగారే చూసుకుంటారు," అని లేచి చెయ్యి కడుక్కుంది. నాయనమ్మ గెలిచింది. గెలిచాక మిగిలిన అన్నం ఎందుకో కంచంలోనే వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే పిచుకని చంకనెత్తుకుని నాయనమ్మ బాత్‌రూంకి బయల్దేరింది. పసుపు తువ్వాలు కోసం బాల్కనీలోకి వెళ్తే, తీగ మీద దాని పక్కనే తన తెల్ల తువ్వాలు ఆరేసి ఉంది. ఇంకా పొగలు కక్కుతోంది. మరిగే నీళ్ళలో ఉడికించి, పిండి, కొసలు లాగి మరీ ఆరేశారు. రాత్రి పడుకోబోతూ పిచుక దాన్ని చాటుగా పట్టుకెళ్ళి తన దిండు కింద దాచుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల పక్కన పడుకునేది అమ్మమ్మే.

అంటే ఆవిడకి తెలిసిపోయింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ పిల్లని స్నానానికి దింపింది. మగ్గుడు నీళ్ళు పోసేసరికి పిచుక గంతేసి, ఆవిడని నిలువునా తడిపేసింది. తడిసిన చీర కుచ్చిళ్ళు నడుము దగ్గర జారాయి.

"నాయనమ్మా, నీకూ చందమామ ఉందే," అంది పిచుక. "నా దాని కన్నా పెద్దది."

నాయనమ్మ అద్దం వైపు తిరిగింది. నడుము మీద గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. పక్కనే అద్దంలో పిల్ల చెంప. రోజూ ఈ నడుము తుడుచుకున్న తువ్వాలే ఆ చెంప కింద పెట్టింది. బడివాళ్ళు కాదు, సబ్బు కాదు, పాట కాదు. పైగా నిన్న ఆ చెంపని చూసి సంతోషించింది. పిల్లకి తగ్గలేదని సంతోషించిన నాయనమ్మ లోకంలో ఇంకెవరైనా ఉంటుందా అనిపించి, ఆవిడ అలాగే తడినేల మీద కూలబడి ఏడ్చింది.

"సబ్బు కళ్ళల్లో పడిందా?" అని పిచుక ఆవిడ మొహం మీద ఊదింది.

హాల్లో అమ్మమ్మ సంచీ భుజానికి తగిలించుకుని చెప్పులేసుకుంటోంది. కొడుకూ కోడలూ పక్కన నిలబడి ఉన్నారు. నీళ్ళోడుతున్న బట్టలతోనే నాయనమ్మ వచ్చి ఆ సంచీ పట్టుకుంది.

"వదినగారూ, వెళ్ళొద్దు. పిల్లకి అంటించింది నేను." తలెత్తకుండా కోడలితో అంది. "మీ అమ్మ తప్పేం లేదమ్మా. నా నడుముకుంది తామర. రోజూ దొంగచాటుగా నా తువ్వాలు పిల్లకిచ్చాను. ఇస్తే అది నా దగ్గరే పడుకుంటుంది. అందుకిచ్చాను."

కోడలు బాల్కనీలో ఆరుతున్న తెల్ల తువ్వాలు కేసి చూసి, తల్లి వైపు తిరిగింది. 

"అది ఉడికించింది నువ్వేగా. రాత్రే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగింది.

"రాత్రి తెలియదే. పొద్దున్న దిండు సర్దుతుంటే కనిపించింది," అంది అమ్మమ్మ. "వెళ్ళేముందు వదినగారి చెవిలో ఒక్క మాట వేద్దామనుకున్నాను. నేను ఇవాళ ఉండి రేపు పోయేదాన్ని. నువ్వు రోజూ మొహం చూడాల్సింది ఆవిడది. ఆ మొహం నీ ముందు దించడం ఎందుకు?" అని ఆగి, నాయనమ్మ వైపు చూసి సిగ్గుగా నవ్వింది. "ఇంకో మాట కూడా ఉంది. ఇన్ని పాటలు పాడినా, నిద్రలో అది కలవరించేది మీ తువ్వాలునే. నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నారా?"

నాయనమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కోడలు వెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది. "ముందు తుడుచుకోండి అత్తయ్యా, తడితో ఉండకూడదు. సాయంత్రం డాక్టరు దగ్గరికి మీరూ రండి. మనందరం చూపించుకుందాం." గొంతులో కోపం ఇంకా మిగిలే ఉంది. చేతుల్లో మాత్రం లేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో మనిషికో తువ్వాలు, మనిషికో రంగు. బట్టలు మరిగించే పని నాయనమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బాత్‌రూం గూట్లో రెండో సబ్బుపెట్టె చేరింది.

ఆ మొదటి రోజు నాయనమ్మ నడుముకి నురగ పట్టించుకుని, అలవాటు కొద్దీ వెంటనే మగ్గు అందుకుంది. తలుపు అవతల ఇద్దరు స్టూళ్ళు వేసుకుని కూర్చున్నట్టు చప్పుడైంది. పెద్ద గొంతు ఒకటి, కిచకిచ ఒకటి కలిసి మొదలుపెట్టాయి.

"నురగా నురగా కూచోవే..."

"నాయనమ్మా, అప్పుడే కడుక్కోకు," అని పిచుక తలుపు తట్టింది. "పాట ఇంకా అవ్వలేదు."

"అలాగేనే," అంది నాయనమ్మ. మగ్గు కింద పెట్టి, తడికళ్ళతో పాట అయ్యేదాకా నిలబడింది.