పద్నాలుగు బైట్ల పెట్టె

...అలా కాదు అమ్మడూ, 'వదిన' అనే రాయి, 'ముద్దాయి' అని రాయకు. ఊఁ, రాసుకో.

దర్జీ అనే మారుపేరున్న ఏజెంటుకి పొద్దున్నే చీఫ్ ఫైలు ఇచ్చాడు. సరిగ్గా పన్నెండింటికి ఒక విదేశీ ముఠా రైలు సిగ్నళ్ళ కంప్యూటర్‌లోకి దూరబోతోంది. వాళ్ళ లోపలి మనిషి స్వయానా దర్జీ వదిన.

"పట్టుకురా. చుట్టరికం ఇక్కడే వదిలెళ్ళు" అన్నాడు చీఫ్.

ఏసీ మెకానిక్ వేషంలో, కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాముని, అదే కెర్నెల్‌ని, ఆపకుండానే సరిచేసే పెన్‌డ్రైవ్‌ని స్క్రూడ్రైవర్ పిడిలో దాచుకుని దర్జీ సర్వర్ రూములో అడుగుపెట్టాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో వదిన ఎదురొచ్చింది.

"గుమ్మం కొలతెంత?" అని అడిగింది.

"పద్నాలుగు వేళ్ళు" అన్నాడు దర్జీ.

అది మన ఆఫీసు కోడ్ వర్డే. ఈవిడ మనవైపేనని దర్జీకి అర్థమైంది.

ఆవిడ గబగబా చెప్పేసింది. బయటినుంచి వచ్చే కనెక్షన్ అడ్రస్ దాచడానికి కెర్నెల్‌లో పద్నాలుగు బైట్ల పెట్టె ఉంది. వచ్చినవాడు తన అడ్రస్ ఎంత పొడవని చెప్తే అంతేనని నమ్మి, పెట్టెను కొలవకుండా కుక్కేస్తుంది. మిగిలింది పక్కగదిలోకి పొర్లుతుంది. ఆ పక్కగదిలోనే సిగ్నళ్ళ ఆర్డర్లు. ఆ కోడ్ రాసింది దర్జీ అన్న. పోయేముందు తప్పు తెలుసుకుని, సిగ్గుతో పెళ్ళానికొక్కదానికే చెప్పాడు. మొగుడి పరువు పోకూడదని ఈవిడా నోరు మెదపలేదు. ముఠాకి వాసన తగిలాక వాళ్ళలో చేరి, టైము తెలుసుకుంది.

అంతలో తలుపు దగ్గర తుపాకి పేలింది. దర్జీ ముఠావాణ్ణి పడగొట్టేసరికే వదిన నేలమీద ఉంది. గాయం మీద రెండు చేతులూ అదిమిపెట్టాడు.

"టైమెంత?"

"నాలుగు నిమిషాలుంది, వదినా."

"చేతులు తియ్యి మరిదీ. పెట్టె పెద్దది చెయ్యి. పట్టనిదొస్తే గుమ్మంలోనే ఆపెయ్. తన కోడ్ ముట్టుకుంటే మీ అన్న ఊరుకోడు, నేను చెప్పానను."

దర్జీ చేతులు తీశాడు. పెట్టెను నూట ఇరవై ఎనిమిది బైట్లు చేశాడు. కాపీ చేసేముందు పొడవు చూడమనీ, మించితే తిప్పి పంపమనీ రాసి, ఆ అతుకుని, అదే ప్యాచ్‌ని, ఎక్కించాడు. పన్నెండు కొట్టింది. బారెడు అడ్రస్ వచ్చింది, చెల్లదని వెనక్కిపోయింది. రైళ్ళన్నీ తమ దారిన తాము నడిచాయి.

వెనక్కి తిరిగేసరికి వదిన లేదు. దేహం మాత్రమే ఉంది.

చీఫ్ రిపోర్టులో నష్టం కింద రాసింది ఒక్కటే: రక్తంతో పాడైన కీబోర్డు. ద్రోహుల పట్టికలో ఆవిడ పేరు ఇప్పటికీ కొట్టెయ్యలేదు.

ఇది ఆవిడ కూతురికి, అదే మీ అత్తకి, చదివి వినిపించు అమ్మడూ. తల్లి గాయం మీంచి చేతులు తీసిన నా ముఖం చూడనని అది ఇటువైపే రావడం మానేసింది.