గొంతు మీది చెయ్యి

వంటింటి గోడ మీద పొద్దుటి నివేదిక మెరిసింది: "భానోజీరావు గొంతు క్షేమం." ఆ వేళకు భీమిలిలో ప్రతి ఇంటి గోడా ఎవరో ఒకరి క్షేమం చెబుతుంది. ఒంట్లో చోటు తప్పిన కణాలను కనిపెట్టి, ఉన్నచోటికి తగ్గట్టు మార్చే కంఠపాలికను మెడకు అతికించుకోనివారు ఇప్పుడు అరుదు. వద్దు వద్దంటూనే పోయిన నెల భానోజీరావూ పెట్టించుకున్నాడు.

నివేదిక చదివి ఆయన భార్య కుసుమ పెనం మీద అట్టు తిరగేసింది. నిజానికి సంబరపడాలి. పెళ్ళైన నాటి నుంచీ ఆయనకు గొంతులో మంట, ఏదో అడ్డుపడినట్టు ఇబ్బంది. పుట్టకముందే జీర్ణాశయపు పొర ముక్క ఒకటి అన్నవాహిక పైభాగంలో ఉండిపోయిందట. అది అక్కడే కూర్చుని, తన పని మానకుండా ఆమ్లం ఊరించేది. పాపం, దానికేం తెలుసు? పాలిక దాన్ని దారికి తెచ్చింది. ఇప్పుడాయన ఆవకాయ కూడా లొట్టలేసుకుంటూ తింటున్నాడు.

కానీ అప్పటినుంచే భర్త తనతో మాటలు మానేశాడు. కుసుమకు అదే దిగులు. చిన్నప్పుడొచ్చిన జ్వరానికి ఆమె వినికిడి పోయింది. ఆ నరాన్ని బాగుచేసే విద్య ఇంకా రాలేదు. ఎదుటివారి పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది.

అట్టు వడ్డిస్తూ అడిగేసింది. "నామీద కోపమేటండి? నాతో మాటాడ్డం మానీసారు."

భానోజీరావు తెల్లబోయాడు. "నేనా? సాయంత్రం సముద్రం ఒడ్డుకి ఎల్దామా అని లేచిన కాడ్నుంచీ అడుగుతున్నాను. నువ్వు తలైనా తిప్పట్నేదు. నా మాటంటే ఇసుగొచ్చిందేమో అనుకున్నాను."

కుసుమ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తను తల తిప్పింది ఏం చూసి?

"మీ చెయ్యండి," అంది మెల్లగా. "మాటాడేముందు మంటకి గొంతు మీదికెళ్ళేది. అది కంటపడితే మీకేసి తిరిగేదాన్ని. ఇప్పుడెళ్ళట్నేదు."

ఆయన తన చేతిని చాలాసేపు చూసుకున్నాడు.

మర్నాడు కూర తరుగుతుంటే ఆమె కంటి కొసన ఆ చెయ్యి లేచింది. కుసుమ చటుక్కున తిరిగింది. చెయ్యి సోకి ఆయన మెడ దగ్గర పాలిక పచ్చగా, పసుపు ముద్దలా వెలుగుతోంది. గోడ మీద అక్షరాలు అడుగుతున్నాయి: "బాధ ఎక్కడ?"

"మళ్ళీ మంట పుట్టిందేటండి?"

"నేదు," అన్నాడు భానోజీరావు, చెయ్యి గొంతు మీదే ఉంచి. "నీ కాఫీ సల్లారిపోతంది."