వచ్చేటప్పుడు చూద్దాం

"ఈ ఇంజను విప్పింది మీరేనా?"

పళ్ళ డాక్టర్ మెకానిక్‌తో మొట్టమొదట అన్న మాట అది. పొద్దున్న బయలుదేరినప్పుడు అందరూ హెల్మెట్లలోనే ఉన్నారు కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా ఇదే మొదలు. రోడ్డు పక్కన ఆగిపోయిన తన తండ్రి బండిని గడ్డంతో చూపించి అడిగింది.

నేనేనన్నాడు. ఎన్నాళ్ళయిందంటే, వారమన్నాడు.

"నేను బాగుచేసిన పన్ను వారానికే మళ్ళీ నొప్పెడితే బోర్డు తీసేసి ఇంట్లో కూర్చుంటాను."

మెకానిక్‌కి కోపం రావాలి. రాలేదు. హెల్మెట్ కింద అణిగిన ఆమె జుట్టులోంచి ఒక్క పాయ మాత్రం ఎవరి మాటా విననట్టు నిక్కబొడుచుకుని ఉంది. దాన్ని చూస్తూ, ప్లగ్గు విప్పాల్సినవాడు హారన్ వైరు విప్పాడు.

ఆమె తండ్రి బస్సుల టైంటేబుళ్ళు తయారుచేసి రిటైరైన మనిషి. ఏటా భార్యను వెనక కూర్చోబెట్టుకుని, పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తన అక్కగారింటికి బండి మీదే వెళ్తాడు. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో కాగితం మీద రాసి ట్యాంకుకు అంటిస్తాడు. అందులో టీ ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, చూడదగ్గ చోటు ఒక్కటీ ఉండదు. భార్య ఏదైనా చూపించి ఆగుదామా అంటే, "వచ్చేటప్పుడు చూద్దాం" అంటాడు. వచ్చేటప్పుడు వేరే దారిన వస్తాడు.

ఈ ఏడు కూతురు తన కొత్త బండి మీద వస్తానంది. పెద్దాయన తన పాత బండి ఇంజను విప్పించి బిగించాడు. బిగించినవాడి మీద పూర్తి నమ్మకం లేక అతని చేత షాపు మూయించి, నీ బండి మీద నువ్వూ తోడు రమ్మన్నాడు.

ఆ మొదటిరోజు బండి ఆగింది సరిగ్గా ఒక జలపాతం పక్కన. మెకానిక్ అన్నీ విప్పి చూసేలోగా తల్లీకూతుళ్ళు వెళ్ళి చూసి, బట్టలు సగం తడుపుకుని వచ్చారు. ఎక్కడా లోపం కనబడలేదు. కిక్కు కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. లోపం లేకుండా ఆగడమేమిటో అతనికి అంతుపట్టలేదు.

రెండోరోజు పాత కోట దగ్గర ఆగింది. ఈసారి అతను వెనకాలే ఉన్నాడు. పెద్దాయన దిగి, తన అలవాటు ప్రకారం నాలుగడుగులు ముందుకెళ్ళి వాచీ చూసుకుంటున్నాడు. ఆయన భార్య చెయ్యి ట్యాంకు కింద ఉంది. కట్టేసి ఉన్న పెట్రోలు ట్యాపును మెల్లిగా తిప్పి తెరుస్తోంది.

విషయం అర్థమవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. కాస్త ముందు మంచినీళ్ళకని బండి ఆపించింది ఆవిడే. ట్యాపు కట్టేసినా, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి ఒక కిలోమీటరు నడుస్తుంది. ఆ కిలోమీటరు ఎక్కడ పూర్తవుతుందో ఆవిడకు అణాపైసల్తో తెలుసు.

ఆవిడ అతన్ని చూసింది. కంగారుపడలేదు. "కోట చాలా బావుంటుందట బాబూ" అంది.

అతను నోరెత్తకుండా కూర్చుని, శుభ్రంగా ఉన్న ప్లగ్గును అరగంట తుడిచాడు.

ఆ సాయంత్రం టీ దుకాణం దగ్గర డాక్టర్ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. జలపాతం దగ్గరా కోట దగ్గరా మాత్రమే బండికి జబ్బు చేయడం తనకు విచిత్రంగా ఉందని చెప్పింది.

"మీకు పని రాదో, మరీ ఎక్కువ వచ్చో తెలియడం లేదు. మాతో నాలుగు చోట్లు తిరగాలనుంటే అడగొచ్చు. మా నాన్నను రోడ్డు మీద నిలబెట్టడం దేనికి?"

అతనికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఈమె ముందు తన పనికి చెడ్డపేరు రావడం అతను భరించలేని సంగతి. కానీ చెబితే ఆ పెద్దావిడకు రేపటినుంచి చూడడానికి రోడ్డు తప్ప ఏమీ మిగలదు. పని రాదనే అనుకోమన్నాడు. ఆమె టీ సగంలో వదిలేసి లేచిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం మంచినీళ్ళకు ఆగిన చోట పెద్దావిడ అతని పక్కకు వచ్చి నిలబడింది. ముందు లైట్‌హౌస్ ఉందనీ, ఎక్కి దిగడానికి గంట పడుతుందనీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఇక్కడికొచ్చిన ఏ మెకానిక్కూ పావుగంటకు మించి తీసుకోలేదట.

"ఈసారి గంట పడుతుందా బాబూ?"

"పడుతుందమ్మా."

లైట్‌హౌస్ కింద బండి ఆగింది. అతను గుడ్డ పరిచి కార్బురేటర్ మొత్తం ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. పెద్దాయన ఆ ముక్కల్నీ వాచీనీ మార్చి మార్చి చూశాడు. ఇక సహనం చచ్చిపోయింది. వచ్చే ఊళ్ళో వేరే మెకానిక్‌ని చూసుకుంటాననీ, నువ్వు ఇంటిదారి పట్టమనీ చెప్పాడు. డాక్టర్ అక్కడే ఉండి ఒక్క మాటా అడ్డం చెప్పలేదు. అతను తల దించుకుని స్క్రూలు వరసగా పేర్చుకుంటూ పోయాడు.

పెద్దావిడ అప్పటికే లైట్‌హౌస్ మొదటి మెట్టు ఎక్కింది. ఆ మాటలు విని దిగి వచ్చింది.

"అతన్నేమీ అనకండి. ట్యాపు కట్టేసింది నేను."

పెద్దాయన వంగి ట్యాంకు కింద ట్యాపును చూశాడు. ఎన్నాళ్ళనుంచని అడిగాడు. పద్నాలుగేళ్ళనుంచని ఆవిడ చెప్పింది. ఆయన మనసులో ఏదో లెక్క వేసుకున్నట్టు కనిపించాడు.

"ఎంతమంది మెకానిక్‌లను తిట్టుంటాను?"

"చాలామందిని. ఇతన్నే ఎక్కువ."

పెద్దాయన హెల్మెట్ తీసి కూతురి చేతికిచ్చి, పైదాకా ఎన్ని మెట్లుంటాయని భార్యను అడిగాడు. తనకేం తెలుసు, ఎప్పుడైనా ఎక్కనిచ్చారా అందావిడ. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

డాక్టర్ గుడ్డకు అటుపక్క కూర్చుంది.

"నిన్న నేను అన్ని మాటలంటే ఎందుకు చెప్పలేదు?"

"పోయిన పేరు ఇంకో బండి బాగుచేసి తెచ్చుకుంటాను. అమ్మగారికి లైట్‌హౌస్ ఎక్కడనుంచి తేను?"

ఆమె ఇంకేదో వింటానన్నట్టు కూర్చుంది. చెప్పాల్సింది అతని దగ్గర ఉంది కూడా. కానీ ఒక స్ప్రింగు దొరకడం లేదన్నాడు. అతని మోకాలి కింద ఉన్న స్ప్రింగును ఆమె తీసి ఇచ్చింది.

బండికి లోపం లేదని తేలాక మెకానిక్‌తో పని లేదు. షాపు మూసి మూడు రోజులైంది. మర్నాడు పొద్దున రోడ్డు రెండుగా చీలే చోట అతను సెలవు తీసుకున్నాడు. పెద్దాయన భుజం తట్టాడు. ఆవిడ జాగ్రత్తలు చెప్పింది. డాక్టర్ మాత్రం బండి దిగలేదు.

"మీరు వచ్చేటప్పుడు షాపు దగ్గర ఆగండి. ఒక మాట చెప్పాలి" అన్నాడు.

ఆమె బండి ముందుకు పోనిచ్చింది. అతను తన దారి పట్టాడు. వంద గజాలు పోయాక, చూడకూడదనుకుంటూనే అద్దంలో చూశాడు. ఆమె బండి ఆగిపోయి ఉంది.

వెనక్కి తిప్పుకుని వెళ్ళాడు. కొత్త బండికి పెట్రోలు ట్యాపు ఉండదు, హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్ ఉంటుంది. దాని మీద ఆమె బొటనవేలు ఇంకా అలాగే ఉంది. కొంచెం ముందు వాళ్ళ నాన్న కూడా ఆగాడు. ఎందుకో పెద్దావిడకు మళ్ళీ దాహమేసింది.

"ఇక్కడ చూడడానికేమీ లేదే" అన్నాడు మెకానిక్, అటూ ఇటూ చూసి.

"మా ఇంట్లో 'వచ్చేటప్పుడు' అంటే అర్థం ఏమిటో మీకింకా తెలియలేదా? చెప్పేదేదో ఇప్పుడే చెప్పండి."

చెప్పాడు. జలపాతం దగ్గర హారన్ వైరు ఎందుకు విప్పాడో దగ్గర్నుంచి మొదలుపెట్టి, మీరంటే ఇష్టమని చెప్పేదాకా ఎక్కడా ఆగలేదు. పెద్దాయన వాచీ చూసుకోబోతుంటే ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

డాక్టర్ మొత్తం విన్నది.

"నోరు తెరవడానికి నాలుగు రోజులా? నా దగ్గరికొచ్చే చిన్నపిల్లలే నయం."

ఎర్ర స్విచ్ మీదనుంచి బొటనవేలు తీసి, స్టార్టు చేసింది.

"పదండి. అత్తయ్యకు మనం నలుగురం వస్తున్నామని నిన్ననే ఫోన్ చేశాను."