రెండో నాడి

కొండెక్కే ఘాటు మొదట్లోనే రోడ్డు సత్యవేణి బండిని ఆపేసింది. దారికి అడ్డంగా ఎర్రగీత వెలిగింది. గీతలోంచి మర్యాదగా ఓ గొంతు పలికింది.

"అమ్మా, ఆగి ఉన్నప్పుడు మీ బండి వణుకుతోంది. బాగు చేయించుకుని రండి. అంతవరకూ కొండ ఎక్కనివ్వలేము."

వెనకసీట్లో పాలడబ్బాల పక్కన ఒదిగి కూర్చున్న అత్త పైడమ్మ మూతి తిప్పింది. "సెప్పానా నాను? ఏడిసే బండి ఇంటికి మంచిది కాదని? అమ్మెయ్యే అంటే ఇన్నావా?"

సత్యవేణి భర్త తమ్మునాయుడు పోయిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరికీ అవసరమైన మాటే తప్ప ఉత్తమాట లేదు. జ్వరం ముదిరేదాకా కోడలు ఆస్పత్రికి తీసుకెళ్లలేదని అత్త అక్కసు. పసరు మందంటూ ఆపింది అత్తేనని కోడలి కడుపుమంట. ఎవరి మంట వాళ్లు దాచుకుని ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. ఆ పొయ్యి వెలగాలంటే ఈ బండి రోజూ పాడేరు ఘాటెక్కి, కొండమీది బడులకు పాలు దించి రావాలి. దారి మూసుకుపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

బండి వెనక్కి తిప్పి జగ్గారావు షెడ్డులో పెట్టింది. జగ్గారావు తమ్మునాయుడి జతగాడు. తాగుతున్న టీగ్లాసు తెచ్చి బానెట్టు మీద పెట్టి, ఇంజను ఆపొద్దన్నాడు. గ్లాసులో టీ ఉండుండి తుళ్లుతోంది. రెండు మూడు సార్లు నెమ్మదిగా ఊగి, ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ మామూలు.

"దెబ్బ తప్పుతంది ఒదినా. సూద్దాం ఉండు."

ఇంజనుకి చెవిబిళ్ల అంటించాడు. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఇంజను లోపలి చప్పుడంతా విని రోగం చెప్పేస్తుంది. ఈ రోజుల్లో మెకానిక్కుల పని చాలావరకూ దాన్ని అంటించడం, పీకడం. బిళ్ల కాసేపు విని, "ఇంజను ఆరోగ్యంగా ఉంది" అంది.

"ఆరోగ్యమైతే ఎందుకు తుళ్లుతంది?" అని జగ్గారావు బిళ్లని కసిరాడు. చెరకు సారాతో నడిచే ఇంజను అది, నాలుగు ప్లగ్గులది. ఒక్కో ప్లగ్గు వైరూ పీకి పెడుతూ చెవి ఒగ్గి విన్నాడు. ఏది పీకినా ఇంజను కుంటుపడుతోంది. అంటే నాలుగూ పనిచేస్తున్నట్టే. చచ్చిన ప్లగ్గైతే పీకినా తేడా తెలియదు కదా.

ఇక మిగిలింది నాడిముడి ఒక్కటే. స్టీరింగు చుట్టూ ఉండే నల్లటి పట్టీ అది. బండి కొన్ననాడు మొదట పట్టుకున్న చేతి నాడికే ముడిపడి ఉంటుంది. తోలేవాళ్ల నాడి పట్టుకుని ఇంజనుకి చెబుతుంది. కునుకొస్తే బండి తనే నెమ్మదిస్తుంది, గుండె అదిరితే తనే నిలదొక్కుకుంటుంది. అది వచ్చాక ఘాటులో లోయలో పడ్డ బండి లేదు. ఆగి ఉన్నప్పుడు మాత్రం ఇంజను యజమాని నాడి లయలోనే కునుకుతున్నట్టు ఆడుతుంది.

జగ్గారావు ఆ పట్టీ వైరు ఊడదీశాడు. టీ నిలిచిపోయింది. తగిలించాడు. తుళ్లింది. సత్యవేణిని దించి తను పట్టుకున్నాడు. అయినా తుళ్లింది.

"ఒదినా, బండి కొన్ననాడు ముడేసినప్పుడు స్టీరింగు ఎవలు పట్టుకున్నారు?"

"ఇద్దరం. కొత్తబండికి పూజ కదా మరి. పంతులుగారు నా సెయ్యి మీద ఆయన సెయ్యి పెట్టించి, తోరం కట్టి, నిమ్మకాయల మీంచి ఎక్కించమన్నారు. ఆ తరవాత కూడా ఆయన పక్కన కూకుని సెయ్యి ఏసే ఉంచేవారు."

జగ్గారావు పానా కింద పెట్టేశాడు.

"ఇది సేసినోడికి మన పూజ తెలీదు ఒదినా. సెయ్యంటే ఒక్కరిదే అనుకున్నాడు. బండి మీ ఇద్దరి నాడీ కలిపి ఒకటే గుండె అనుకుని ముడేసుకుంది. ఇప్పుడు నీ దెబ్బ పడతాది. ఆ ఎనక ఆడి దెబ్బ రావాలని ఆగి సూత్తాది. రాదు. అందుకే ఆ తడబాటు."

సత్యవేణి టీగ్లాసు వంక చూసింది. ఇన్నాళ్లూ ప్రతి మలుపు దగ్గరా, ప్రతి బడి ముందూ తన కాళ్ల కింద వణికింది ఇదా? మనిషి పోయినా అతని వంతు ఖాళీగా ఉంచి కూర్చుందా ఈ ఇనుము?

"మందు లేదా దీనికి?"

"ముడిప్పేసి నీ ఒక్కదానితో మళ్లీ కడితే సదురుకుంటాది. ఆడిది మాత్రం సెరిగిపోతాది. మళ్లీ తేలేం."

సత్యవేణి కళ్లు తుడుచుకుంది. ఎండ ఎక్కుతోంది, డబ్బాల్లో పాలున్నాయి. స్టీరింగు ముందు కూర్చుని ఆఖరిసారి చెయ్యి వేసింది. "ఇప్పెయ్యి జగ్గూ."

"ఆగరా!"

పైడమ్మ వెనకసీటు దిగి వచ్చి, ముందు తలుపు తీసి కోడలి పక్కన కూర్చుంది. "నా కొడుకు కోసం సూత్తందా ఇది? పిచ్చిముండ, ఆడింకెక్కడే?" అంటూ, ఏడుస్తున్న బిడ్డ వీపు మీద వేసినట్టు, స్టీరింగు మీద అరచెయ్యి ఆనించింది.

ఇంజను ఒకసారి వెతుక్కున్నట్టు తడబడింది. ఇంకోసారి. తర్వాత తడబడలేదు. గ్లాసులో టీ అద్దంలా నిలబడిపోయింది.

పైడమ్మ చెయ్యి తీసింది. టీ తుళ్లింది. భయపడి గబుక్కున మళ్లీ పెట్టేసింది.

"కన్నతల్లివి కదా పెద్దమ్మా," అన్నాడు జగ్గారావు, గ్లాసు వంకే చూస్తూ. "ఆడి నాడి నడక నీ పోలికే అయ్యుంటాది."

అత్తా కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ స్టీరింగునే చూస్తున్నారు.

"అయితే రోజూ నన్నెక్కించుకోవాలేటే?"

"ఎక్కాల అత్తా."

"మలుపుల్లో నాకు కళ్లు తిరుగుతాయి."

"నెమ్మదిగా తోల్తానులే."

"తోలు మరి. పాలిరిగిపోతాయి."

ఘాటు మొదట్లో రోడ్డు కాసేపు వాళ్లను తడిమి చూసింది. ఎర్రగీత ఆరిపోయింది. "బండి ఆరోగ్యం. తోలేవారు ఒక్కరు. క్షేమంగా వెళ్లండి."

"ఒక్కరంట!" అంది పైడమ్మ. కొడుకు పోయాక ఆమె నవ్వగా సత్యవేణి వినడం అదే మొదలు. మొదటి మలుపులో స్టీరింగు తిప్పుతుంటే, ముసలి చెయ్యి జారి కోడలి చేతి మీదికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది.