ప్రభువు పేరు లేని పాట

శనివారం పొద్దున వెర్నీస్ పొయ్యి మీద మొక్కజొన్న జావ కలుపుతుంటే, పక్కింటి ఒడెస్సా ఫోను పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చింది. అమెరికాలోని మెంఫిస్‌లో ఆ వీధి చర్చి గాయకబృందంలో ఇద్దరూ కలిసి పెరిగినవాళ్లు.

"ఏమే పిల్లా, రేడియోలోకి ఎక్కావట. నీ పాటకి మా మనవరాలు గంతులేస్తోంది."

"పొద్దున్నే నీ వేళాకోళం..." అంటూనే వెర్నీస్ ఆగిపోయింది. ఫోనులో దడదడమని డ్రమ్ముల మోత. దాని మీద చిన్నపిల్ల గొంతులా కీచుగా, "నన్ను విడిచిపోకు, నన్ను విడిచిపోకు." వేగం పెంచినంత మాత్రాన తన గొంతు తనకు తెలియదా? ఆ మాటల మధ్య కొడుకు జారెల్, తనని వదిలేసిన ఎవరో అమ్మాయిని తలుచుకుంటూ గబగబా లయ కట్టి చెప్పుకుపోతున్నాడు.

అది భర్త ఎల్రాయ్ శవపేటిక పక్కన నిలబడి ఆమె పాడిన పాట. ఆ తర్వాత చర్చిలో కూడా గొంతెత్తలేదు.

ఆమె మొహం చూసి ఒడెస్సా మెల్లిగా జారుకుంది. కాసేపటికి జారెల్ ఆవులిస్తూ వచ్చి గిన్నె అందుకున్నాడు.

"మీ నాన్న అంత్యక్రియల టేపు నీకెవరిచ్చారు?"

అతని చెయ్యి ఆగింది. "పాస్టరుగారు. నీకు చెబుదామనే అనుకున్నానమ్మా."

"ఊరంతా విన్నాకా? నా పడుచు వయసులో రికార్డుల కంపెనీవాళ్లు ఈ వంటింట్లోనే కూర్చుని బతిమాలారు. ప్రభువు పేరు తీసేసి ప్రియా అని పాడమన్నారు. పొమ్మన్నాను. వాళ్ల వల్ల కానిది నా కడుపున పుట్టి నువ్వు చేశావు. 'నన్ను విడిచిపోకు ప్రభువా' అని మొరపెట్టుకుంటే, ఆయన్నే కోసేశావు."

"ఆయన పేరు నేను కోయలేదు."

"దొంగతనం చాలక అబద్ధమా?"

జారెల్ లాప్‌టాప్ తెచ్చి అసలు టేపు పెట్టాడు. డ్రమ్ములు లేవు. ఆర్గన్ వెనక ఎవరివో దగ్గులు, అట్ట విసనకర్రల చప్పుడు. "నన్ను విడిచిపోకు" అంది ఆమె గొంతు. 'ప్రభువా' అన్నది బృందం. ప్రతిసారీ బృందమే. చివర్లో ఆ గొంతు విరిగి, ఇంట్లో భర్తను పిలిచినట్టే "రాయ్" అంది.

"నీ గొంతులోంచి నేను తీసేసింది అదొక్కటే" అన్నాడు జారెల్. "అది బయటివాళ్లు వినేది కాదు."

వెర్నీస్ పొయ్యి ఆపేసింది. ఇన్నేళ్లూ ప్రభువు తన మొర ఆలకించలేదని అలిగి నోరు మూసుకుంది. అసలు ఆయన్ని పిలిచిందెప్పుడు?

"అడక్కుండా తీసుకున్నావు. అది తప్పే" అంది కళ్లు తుడుచుకుంటూ.

"తప్పేనమ్మా."

"మళ్లీ పెట్టు."

"నా పాటా?"

"కాదు. మీ నాన్న పేరున్నది."